వేర్పాటు వేరు, ప్రత్యేక రాష్ట్రం వేరు

ఉద్యమం నడిచినన్నాళ్లూ మనకు తగిలించిన పేరు ‘వేర్పాటువాదులు’. రాష్ట్రం అడిగితే దేశం ముక్కలవుతుందన్నట్టు మాట్లాడారు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. దేశం చెక్కుచెదరలేదు. అసలు వేర్పాటు అంటే ఏమిటో, అది ఎవరి ప్రయోజనం కోసం జరిగిందో తెలియాలంటే 1861 నాటి అమెరికాను చూడాలి.

దక్షిణాది రాష్ట్రాలు 11 దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించాయి. రాష్ట్రాల హక్కుల కోసమే ఆ పోరాటమని వాళ్ల వారసులు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాష్ట్రం కోసం కొట్లాడిన మనకు ఆ మాట తియ్యగానే వినిపిస్తుంది. కానీ ఏ హక్కు? మనిషిని కొని, అమ్మి, బిడ్డను తల్లి నుంచి వేరుచేసే హక్కు.

ఆ జబ్బు రాజ్యాంగంలోనే ఉంది. 1787లో రాసుకున్న రాజ్యాంగంలో ‘బానిస’ అనే మాట ఎక్కడా లేదు. కానీ సీట్ల లెక్కకు ప్రతి అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించారు. ఓటు లేని మనిషి తలను చూపించి యజమాని సీట్లు పెంచుకున్నాడు. 1793లో పత్తి గింజ తీసే యంత్రం వచ్చింది. పత్తి సాగుతోపాటు బానిసల గిరాకీ కూడా పెరిగింది. 1790లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి 40 లక్షలకు చేరువయ్యారు. దేశం ఎగుమతుల్లో సగానికి పైగా పత్తిదే. ఇంత సంపద చేతిలో ఉన్నవాడు ధర్మపన్నాలు వింటాడా?

ఇక రాజీల మీద రాజీలు. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా చేర్చుకోవడానికి ఒప్పుకుని, దానికి సాటిగా మసాచుసెట్స్ నుంచి విడదీసిన మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకున్నారు. 1850లో కాలిఫోర్నియాను స్వేచ్ఛా రాష్ట్రంగా ఒప్పుకుని, బదులుగా పారిపోయిన బానిసలను పట్టివ్వాలని కఠిన చట్టం తెచ్చారు. పట్టుబడిన మనిషిని యజమానికి అప్పగిస్తే విచారించిన అధికారికి 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు. న్యాయానికి కట్టిన ధర అది! 1854లో కాన్సాస్, నెబ్రాస్కా చట్టంతో మిస్సోరీ రాజీనే చెరిపేశారు. కాన్సాస్ నేల నెత్తురుతో తడిసింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవాళ్లు పౌరులే కారని సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని రాజీల్లో ఒక్క బానిసనైనా కూర్చోబెట్టి అడిగారా? లేదు. బాధపడేవాణ్ణి బయట నిలబెట్టి, బాధపెట్టేవాళ్లు లోపల రాసుకున్న కాగితాలవి.

1860లో లింకన్ గెలిచాడు. ఉన్నచోట బానిసత్వాన్ని ముట్టుకోనని, కొత్త ప్రాంతాలకు మాత్రం పాకనివ్వనని ఆయన చెప్పిన మాట. అదీ సహించలేక డిసెంబర్ 20న సౌత్ కరోలినా విడిపోయింది. ఎందుకు విడిపోయారో వాళ్ల ప్రకటనలే చెబుతాయి. ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసలను పట్టివ్వడం లేదన్నది సౌత్ కరోలినా ఫిర్యాదు. అంటే ఉత్తరాది రాష్ట్రాలకు తమ చట్టం తాము చేసుకునే హక్కు ఉండొద్దు! మిసిసిపీ అయితే తమ నిర్ణయమంతా బానిసత్వంతోనే ముడిపడి ఉందని దాచకుండా రాసుకుంది. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి. నాలుగేళ్లలో 6 లక్షల మందికి పైగా చనిపోయారు.

మనం గుర్తుంచుకోవాల్సిన ముచ్చట ఇంకొకటి ఉంది. వర్జీనియా దేశం నుంచి విడిపోతే, దాని పశ్చిమ కొండప్రాంతం జనం మేం రామన్నారు. తూర్పు తోటల యజమానులు శాసనసభలో పెత్తనం చేస్తూ, తమ బానిసల మీద పన్ను తగ్గించుకుని, భారం తమ మీద వేశారన్న కోపం వాళ్లది ఏనాటిదో. బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే షరతుకు ఒప్పుకుని, 1863 జూన్ 20న పశ్చిమ వర్జీనియా వేరే రాష్ట్రమై దేశంలోనే నిలిచింది. వేర్పాటు ఒకవైపు, ప్రత్యేక రాష్ట్రం దానికి ఎదురుగా ఇంకోవైపు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టేవాళ్లకు ఇంతకన్నా జవాబు ఏముంటుంది?

మన గోసను ఆ బానిసల గోసతో పోల్చబోం. అది వాళ్ల బాధను తక్కువ చేయడమే. కానీ మహాత్మా ఫూలే 1873లో తన ‘గులాంగిరీ’ని, బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అక్కడి విముక్తిని చూసి ఇక్కడి శూద్రాతిశూద్రుల విముక్తిని అడిగాడు. మనం కూడా అదే అడగాలి. స్వపరిపాలన అనే మాట ఎవరి నోట వినిపించినా మొదటి ప్రశ్న ఒక్కటే: అట్టడుగున ఉన్న మనిషికి అది ఏమిచ్చింది? 1861లో దక్షిణాది దొరలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయారు. రాష్ట్రం తెచ్చుకున్న మనం చెప్పగలగాలి.