చెత్తే ఫీజు!

బడి ఫీజు కట్టలేని పేదవాడు ఇంట్లోని చెత్తనే ఫీజుగా కట్టగలడా? కట్టగలడని అస్సాం పిల్లలు నిరూపించారు.

గువాహటి శివార్లలోని పమోహిలో 2016లో పర్మితా శర్మ, మాజిన్ ముఖ్తార్‌లు 'అక్షర్' పాఠశాల ప్రారంభించారు. అక్కడివారు చలి కాచుకోవడానికి ప్లాస్టిక్ తగలబెట్టేవారు. ఆ విషపు పొగ తరగతి గదుల్లోకి వచ్చేది. అందుకే ప్రతి విద్యార్థీ వారానికి 25 ప్లాస్టిక్ వస్తువులు తేవాలనీ, అదే ఫీజనీ నియమం పెట్టారు. ఇకపై కాల్చబోమని తల్లిదండ్రులు మాటిచ్చారు. పిల్లలు ఖాళీ సీసాల్లో కవర్లు కుక్కి ఇటుకలుగా మార్చారు. ఒకప్పుడు రాతి క్వారీల్లో కూలికి పోయిన పిల్లలు అక్కడ చిన్నవారికి పాఠాలు చెప్పి బొమ్మ నోట్లు సంపాదించేవారు. వాటితో చిరుతిండి, బట్టలు, చెప్పులు కొనుక్కునేవారు.

మరి మన మొహల్లాల సంగతేమిటి? వలీమా ముగిసిన మర్నాడు గ్లాసులు, ప్లేట్లు వీధి చివర కుప్పపోసి నిప్పు పెడుతున్నాం. ఆ పొగ పీల్చేది మన పసివాళ్లే, పక్కింటి ఉబ్బస రోగులే. దారిలోని ముల్లు తీయడం కూడా సదఖాయేనని పిల్లలకు నేర్పుతాం. అదే దారిలో పొగ పెట్టే మనల్ని చూసి వారేం నేర్చుకోవాలి?

సీసాలో కుక్కినంత మాత్రాన ప్లాస్టిక్ మాయం కాదు. వాడకం తగ్గించడమే అసలు మందు. అయినా బడిలో, మద్రసాలో ఒక గోనెసంచి వేలాడదీసి, ఆ బాధ్యత పిల్లలకే అప్పగించి చూడండి. రేపు వాళ్లే మన చేతిలోని అగ్గిపెట్టె లాక్కుంటారు.