కంప్యూటర్ కొనేముందు రిపేరు సంగతి అడగండి



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక ఒక తండ్రి ఆగి అడిగారు. "సార్, మా పాపకు కంప్యూటర్ తీసుకుందామనుకుంటున్నం. టీవీ లెక్క ఉంటదే, ఆల్ ఇన్ వన్, అది సూడనీకి మంచిగుంది. ఆ పెద్ద డబ్బా వద్దంటున్నరు మా ఇంట్ల." జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రెండూ కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షలయ్యాక ఈ ప్రశ్న చాలామంది నోట వింటున్నాను. (స్కూలు ఏ కంప్యూటరూ అమ్మడం లేదు, భయపడకండి.)

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో సొంత ఇంట్లో స్థిరంగా ఉండేవాళ్లకు టవర్ కంప్యూటరే మేలు. స్పీడు కోసం కాదు. పదకొండో తరగతి పైథాన్ ప్రోగ్రామ్ రెండిట్లోనూ ఒకేలా నడుస్తుంది. తేడా అంతా అది పాడైన రోజున తెలుస్తుంది.

నాకు అలాగే తెలిసింది. మా ఇంట్లో ఆల్ ఇన్ వన్ ఉండేది. ఒక మే నెల రాత్రి గాలివానకు కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. పొద్దున చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది. ఊళ్లో రిపేరు చేసే అబ్బాయి వెనక మూత తీయడానికే జంకాడు. "సార్, దీని డిస్‌ప్లే మన దగ్గర దొరకదు, హైదరాబాద్ పంపాలె" అన్నాడు. పంపాం. మూడు వారాల తర్వాత చెప్పిన ఖర్చు, కొన్న ధరలో మూడోవంతు! మా అమ్మాయి ప్రాజెక్టు ఫైలు అందులోనే ఉండిపోయింది. దాన్ని మళ్లీ మొదటినుంచి చేసుకుంది. యూపీఎస్ పెట్టకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ టవర్ అయితే అదే దెబ్బకు నష్టం అంత దూరం పోయేది కాదు.

ఎందుకంటే టవర్‌లో ఏ భాగం దానిదే. కరెంటు దెబ్బ చాలాసార్లు ముందు తగిలేది ఎస్‌ఎంపీఎస్‌కు. నాలుగు స్క్రూలు విప్పి కొత్తది బిగిస్తే ఆ సాయంత్రానికే కంప్యూటర్ నడుస్తుంది. మానిటర్ పోతే పక్కింటి మానిటర్ తెచ్చి పెట్టి చూడొచ్చు. ఆల్ ఇన్ వన్‌లో స్క్రీన్ వెనకే మదర్‌బోర్డు, ఫ్యాన్, స్పీకర్లు అన్నీ ఇరుక్కుని ఉంటాయి. బోర్డు ఆ మోడల్‌కే ప్రత్యేకం. కొన్ని మోడళ్లలో ర్యామ్ కూడా బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకునే దారే ఉండదు.

గద్వాల మగ్గం చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నాడె అరిగితే నాడె మారుస్తారు. మగ్గాన్ని ఎవరూ పారేయరు.

ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలి. 2016లో టవర్ కొన్నవాళ్లు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చుకుని మానిటర్, డబ్బా, కీబోర్డు అలాగే వాడుకోవచ్చు. అప్పుడు ఆల్ ఇన్ వన్ కొన్నవాళ్ల స్క్రీన్ ఎంత బాగున్నా చాలా మోడళ్లలో దాన్ని ఇంకో కంప్యూటర్‌కు మానిటర్‌గా వాడలేం. బయటి నుంచి బొమ్మ తీసుకునే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ అందులో ఉండదు.

అలాగని ఆల్ ఇన్ వన్ పనికిరాని వస్తువు కాదు. బ్యాంకు, రెవెన్యూ ఉద్యోగాల్లో ఉండి మూడేళ్లకో ఊరు మారేవాళ్లకు ఒక్క వైరుతో పనయిపోవడం గొప్ప సుఖం. ఒకే గది అద్దె ఇల్లయితే చోటు కలిసొస్తుంది. కరెంటూ సాధారణంగా తక్కువే తింటుంది. అలాంటివాళ్లు కొనండి, కానీ వారంటీ ఇంటికొచ్చి చేసేదో, మనమే మోసుకెళ్లాల్సిందో రాతపూర్వకంగా తీసుకోండి. చోటే సమస్యయితే మానిటర్ వెనక బిగించే మినీ పీసీ కూడా ఉంది. అందులో స్క్రీన్ వేరు, కంప్యూటర్ వేరు.

టవర్ అని రాసి ఉన్నదల్లా టవర్ కాదు, అదీ గమనించాలి. కంపెనీ చిన్న డబ్బాల్లో కొన్నిటికి ఎస్‌ఎంపీఎస్, బోర్డు వాళ్ల సొంత కొలతల్లోనే ఉంటాయి. బయటి భాగం పట్టదు. షాపులో "ఇందులో మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ పడుతుందా, ర్యామ్ స్లాట్ ఇంకొకటి ఖాళీగా ఉందా" అని అడగండి. 16 జీబీ ర్యామ్ ఇప్పుడే అక్కర్లేదు. 8 జీబీ ఒకే స్టిక్‌గా పెట్టించుకుంటే రెండో స్లాట్ పిల్ల ఇంటర్‌కొచ్చేసరికి పనికొస్తుంది. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ అడగండి. డబ్బులు మిగిలితే గ్రాఫిక్స్ కార్డు మీద కాకుండా యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఫైలు సేవ్ చేసి ఆపేంత సమయం దొరికితే చాలు.

డబ్బాను నేల మీద పెట్టకండి, మన దుమ్ము సంగతి తెలిసిందే. కొటేషన్ తీసుకున్నవాళ్లు వచ్చే మీటింగ్‌కు ఆ కాగితం తెండి. ల్యాబ్‌లో ఒక టవర్ మూత తీసి పెడతాను. ఏది ఎక్కడ ఉంటుందో పిల్లలతో పాటు మీరూ చూడొచ్చు.