చూడబోయేటప్పుడు సంచి ఇంట్లోనే పెట్టి రండి

ఇది కొంచెం పెద్ద రాత. తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రానివాళ్లు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. చదవగలిగినవాళ్లు పైకి చదివి వినిపించండి. ముఖ్యంగా వంటింటి పెత్తనం ఎవరిదో వాళ్లకి.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మన సంఘంలో మాకు మామ వరుసయ్యే ఒకాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నాలుగైదు నెలలు దగ్గు, సాయంత్రం జ్వరం, అన్నం సహించకపోవడం. టీబీ అని తేలేసరికి 56 కిలోల మనిషి 39 కిలోలకు వచ్చాడు. చివరి రెండు వారాలు టీ నీళ్లు, రెండు బిస్కెట్లు తప్ప లోపలికి ఏమీ పోలేదు. మందులు మొదలుపెట్టి ఇంటికి పంపారు. జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. ఆ మాట విని మేము పదిమందిమి ఆదివారం చూడ్డానికి పోయాం. ఒట్టి చేతులతో పోతామా? తిరునెల్వేలి హల్వా, రెండు డబ్బాల పాలపొడి పానీయం, అరటిపళ్ల గెల. విరుదునగర్ నుంచి వచ్చినవాళ్లు నూనె పరోటా, సాల్నా పొట్లం కట్టించుకొచ్చారు. "తిను మామా, తింటేనే కదా ఒళ్లొచ్చేది" అని పక్కన కూర్చుని తినిపించాం. ఆయన కూడా ఎన్నాళ్లకో ఆశగా తిన్నాడు. అత్త కళ్ల నీళ్లు పెట్టుకుంది, సంతోషంతోనే.

బుధవారానికి కాళ్లు వాచాయి. మరునాడు ఆయాసం, గుండె దడ, మాట తడబాటు. మళ్లీ ఆస్పత్రి. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం బాగా పడిపోయాయనీ, చాలా రోజులు పస్తు ఉన్నవాళ్లకి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే ఇలా అవుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు. వరండాలో నిలబడ్డ మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఎందుకలా అవుతుందో ఆ తర్వాత తెలుసుకున్నాం. తిండి లేనప్పుడు ఒళ్లు తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంది. లోపలి లవణాల నిల్వ కూడా తరిగిపోతుంది, కానీ రక్త పరీక్షలో అది కనిపించకపోవచ్చు. అలాంటి ఒంట్లోకి అన్నం, బెల్లం, చక్కెర ఒక్కసారిగా దిగితే ఇన్సులిన్ ఎగసి ఆ చక్కెరను కణాల్లోకి తోస్తుంది. దాంతోపాటు ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కూడా రక్తంలోంచి కణాల్లోకి పోతాయి. రక్తంలో మిగిలేది చాలక గుండె, ఊపిరి కండరాలు తడబడతాయి. బి1 విటమిన్ నిల్వ లేకపోతే ఇంకా చేటు. ఒంట్లో నీరు చేరుతుంది. మొదటి వారంలోనే ఈ గండం ఎక్కువ. మనం సంచులు పట్టుకుని పోయేది కూడా సరిగ్గా ఆ వారంలోనే.

ఇది టీబీకి మాత్రమే కాదు. పెద్ద ఆపరేషన్, కీమోథెరపీ, చాలాకాలం తాగుడు, టైఫాయిడ్‌తో వారాల తరబడి లేవకపోవడం, ముసలితనంలో తిండి మానేయడం, ఏదైనా అంతే. బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ 2006లో డాక్టర్లకిచ్చిన సూచనల్లో లెక్క ఉంది. అయిదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించి పెట్టకూడదు. పది రోజులకు మించి తినకపోయినా, మూడు నుంచి ఆరు నెలల్లో బరువులో 15 శాతానికి మించి తగ్గినా గండం మరీ ఎక్కువ. వాళ్లకి కిలో బరువుకు 10 క్యాలరీలతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో మెల్లగా పెంచాలి. బి1 ముందుగానే ఇవ్వాలి, లవణాలు పరీక్షిస్తూ ఉండాలి. మామ లెక్క వేయండి: 39 కిలోలకు రోజుకు 390 క్యాలరీలు. మూడు ఇడ్లీలు, రెండు మూడు సార్లుగా రెండు గ్లాసుల పాలు, దాదాపు అంతే. రెండు నూనె పరోటాలు సాల్నాతో తింటే ఒక్క పూటలోనే ఆ గీత దాటిపోతుంది. ఈ లెక్క మనం ఇంట్లో వేసుకుని నడిపించేది కాదు, డాక్టరు పర్యవేక్షణలో జరగాల్సింది. మనం ఎంత దూరం పోయామో తెలియాలని చెప్పాం.

ఇంత చెప్పాక మాకు సిగ్గనిపించేది ఇంకొకటి ఉంది. ఇది మన అవ్వలకు తెలియని సంగతేమీ కాదు. జ్వరం విడిచినవాడికి పథ్యం పెట్టేటప్పుడు ముందు గంజి తేట, తర్వాత మెతుకులు కలిసిన గంజి, తర్వాత పెసరకట్టు, తర్వాత పాత బియ్యపు అన్నంలో చారు, అది సహించాకే పొట్లకాయ కూర, అన్నిటికంటే చివర నెయ్యి. చరక సంహితలో కూడా పేయ, విలేపి, యూషం అని ఇదే వరస ఉంది. ఫాస్ఫరస్ పేరు వాళ్లెవరూ వినలేదు, కానీ ఏది ముందు ఏది వెనక అన్నది చూసి నేర్చుకున్నారు. మనం మాత్రం బేకరీ డబ్బాలు పట్టుకుపోతున్నాం.

అలాగని అవ్వల పద్ధతిని మొత్తం నెత్తికెత్తుకోమని మేము అనం. దానికీ ఒక లోపముంది. మన ఇళ్లల్లో పథ్యం ఒకసారి మొదలైతే అయిపోదు. "గుడ్డు వేడి, పాలు కఫం, వేరుశనగ పైత్యం" అని నెలల తరబడి గంజి, చారన్నంతోనే నెట్టేవాళ్లున్నారు. గంజిలో కండ పెంచేదేముంది? మొదటి వారం అతి, ఆ తర్వాత కొరత. మేము ఈ రాత మొదలుపెట్టింది నిజానికి ఈ రెండో తప్పు చెప్పడానికే. మొదటి వారం ఇంటినిండా చుట్టాలు, బల్లనిండా పళ్లు. రెండో నెలలో, ఆకలి బాగా పుట్టి, తిన్నది ఒంటికి పట్టే కాలంలో, ఒక్కరూ రారు. జీతం లేని ఇల్లు, అత్త ఒక్కత్తే పనికి పోతుంది. ఆ ఇంట్లో పప్పు ఉందా లేదా అని అడిగినవాళ్లెవరు?

ఆ రెండో నెల ఎంత విలువైనదో జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అనే అధ్యయనం చూపించింది. 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. 2,800 మంది టీబీ రోగులకు మందులతోపాటు రోజుకు 1,200 క్యాలరీలు, 52 గ్రాముల ప్రోటీన్ వచ్చేలా నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావు ప్రమాదం సుమారు 60 శాతం తక్కువగా కనిపించింది. ఇంట్లో మిగతావాళ్లకి కూడా రేషన్ ఇచ్చిన చోట వాళ్లకి టీబీ సోకడం 39 శాతం తగ్గింది. 39 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోలు. రెండు కిలోల కండకి అంత విలువ.

ఇక్కడ ఒక మాట పొరపాటు పడకుండా చెప్పాలి. తిండి మందుకు బదులు కాదు. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో 193 మంది రోగుల్లో కొందరిని శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో ఉంచారు. కొందరిని ఇళ్లల్లోనే, పేద తిండితో, ఇంటి పనులతో ఉంచారు. మందులు అందరికీ ఒకటే. శానటోరియం వాళ్లు ఎక్కువ ఒళ్లు చేశారు గానీ, జబ్బు నయం కావడంలో ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. కాబట్టి "బాగా తింటున్నాడు, ఇంక మాత్రలెందుకు" అనే చిన్నాయనల మాట వినకండి. బరువు పెరిగితే మాత్రల లెక్క కూడా మారవచ్చు, అందుకే నెలనెలా తూకం చూపించాలి.

నిక్షయ్ పోషణ్ యోజన కింద టీబీ రోగికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు వచ్చేది, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. అంటే రోజుకు 33 రూపాయలు. రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, ఒక గుప్పెడు వేరుశనగలు, దాదాపు అక్కడికి సరి. కానీ ఆ మూడింటిలోనే 25 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంది, జార్ఖండ్ లెక్కలో సగం. మన నల్లరేగడి నేలలో పండే సరుకు, మన కోవిల్‌పట్టి కడలమిట్టాయికి 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చిన పప్పు, ఇంతకంటే చవకైన బలం ఎక్కడుంది? మొదటి వారం గండం దాటాక, షుగర్ లేనివాళ్లకి, రోజుకొక ముక్క మేమే తెచ్చిస్తాం.

ఎంతకాలం ఇలా పెట్టాలి అంటే, నెలలు. అమెరికాలో 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను 24 వారాలు అరకడుపుతో ఉంచి చూశారు. ఆ తర్వాత 12 వారాలు తిండి పెంచుతూ పోయినా చాలామంది పాత స్థితికి రాలేదు. జబ్బు లేని కుర్రాళ్లకే అంత పట్టింది.

ఇక నడక సంగతి. మామ రెండోసారి ఇంటికి వచ్చిన మూడో వారంలో, కొడుకు ఆయన్ని తెల్లవారుజామున మైదానానికి తీసుకుపోయాడు. సగం చుట్టుకే ఆయన కూలబడ్డాడు. కొడుకు తప్పేం లేదు, "కదిలితేనే కాళ్లొస్తాయి" అని మేమే ఎక్కించాం. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు పది రోజులు మంచం మీద ఉంటేనే కాళ్లలో దాదాపు కిలో కండ పోయింది. మామ మంచం పట్టింది నెలలు. అలాంటి కాళ్లకి మైదానం మొదటి మెట్టు కాదు. మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం మొదటి మెట్టు. తర్వాత కుర్చీ పట్టుకుని లేచి నిలబడడం, పూటకు నాలుగైదు సార్లు. తర్వాత గడప దాకా, వీధి మలుపు దాకా.

మేము పెట్టుకున్న కొలతలు రెండే. నడుస్తూ మాట్లాడగలగాలి. మరునాడు పొద్దున లేచేసరికి నిన్నటి అలసట పోయి ఉండాలి. పోలేదంటే సగానికి తగ్గించాలి. జ్వరం ఉన్న రోజు వ్యాయామం లేదు. తిండి అప్పుడప్పుడే పెంచుతున్న రోజుల్లో లేచి కూర్చోవడం, నిలబడడం చాలు. అలాగని తిండి పెంచి కదలకుండా ఉంటే వచ్చేది కండ కాదు, కొవ్వు. తూకం మూడు నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే పండగ చేసుకోకండి, అది నీరు కావచ్చు. కాళ్ల వాపు, ఆయాసం, గుండె దడ, మాట తడబడడం, ఒళ్లు చచ్చుబడినట్టుండడం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆస్పత్రికి. తెల్లారనీ అనుకోవద్దు. టీబీ రోగుల్లో మరీ చిక్కిపోయినవాళ్లని, ఊపిరి ఆడనివాళ్లని, ఆసరా లేకుండా నిలబడలేనివాళ్లని మొదట్లోనే గుర్తించి ఆస్పత్రిలో చేర్చుకునే పథకం మన రాష్ట్రంలో 2022 నుంచి ఉంది. "మావాడు నిలబడలేకపోతున్నాడు" అని మీరే ముందుగా చెప్పండి.

దాచేవాళ్లకి ఒక మాట. టీబీ అంటే పెళ్లి సంబంధాలు పోతాయని మనవాళ్లు ఇంకా గుసగుసలాడుకుంటారు. మనవాళ్లు ఈ నల్లరేగడికి ఎలా వచ్చారో 'గోపల్ల గ్రామం'లో రాసిన ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారికి కూడా యవ్వనంలో ఈ జబ్బే. ఆయన 2021 మేలో పోయారు, తొంభై అయిదు దాటిన వయసులో. ఆయన పేరు చెప్పుకుని గర్వపడే మనం, మన పక్కింటి వాడి జబ్బును దాచిపెట్టడం ఏం న్యాయం?

ఇప్పుడు మేము సంఘం ముందు పెడుతున్నది ఇది. చాలాకాలం జబ్బుపడి లేచినవాళ్లని చూడ్డానికి మొదటి రెండు వారాలు ఒకరిద్దరే పోవాలి, తినేవి తీసుకుపోకూడదు. ఆ డబ్బు సంఘంలో కట్టాలి. మూడో వారం నుంచి ఆరు నెలలు, డాక్టరు సరేనన్నాక, వారానికొకసారి గుడ్లు, పప్పు, పాలు, వేరుశనగలు ఆ ఇంటికి చేరాలి. ఇంట్లో పిల్లలకి కూడా సరిపోయేంత పంపాలి, లేకపోతే అత్త ఆ గుడ్డు మామకి పెట్టదు, మనవడికే పెడుతుంది. కోవిల్‌పట్టిలో ఒకటి, విరుదునగర్‌లో ఒకటి తూకం యంత్రం కొనాలి. పెళ్లిళ్ల చదివింపులకి మనం పెట్టే ఖర్చు ముందు ఇది లెక్కలోకే రాదు. "చుట్టాన్ని చూడ్డానికి ఒట్టి చేతులతో పోతే బాగుంటుందా" అని కొందరు పెద్దలు ఇప్పటికే అడిగారు. బాగుండదు, మాకూ తెలుసు. రెండో నెలలో నిండు చేతులతో పోండి.

మామ ఇప్పుడు 48 కిలోలు. చెంబగవల్లి అమ్మన్ గుడి దాకా నడిచి, అక్కడ అరుగు మీద కాసేపు కూర్చుని, మళ్లీ నడిచే ఇంటికి వస్తున్నాడు. తూకం యంత్రం విషయం వచ్చే నెల సమావేశంలో మాట్లాడదాం. ఇంట్లో వాడకుండా పడి ఉన్నది ఎవరి దగ్గరైనా ఉంటే ముందే చెప్పండి, కొనే పని తప్పుతుంది.