‘తర్వాత చెప్తాంలే’

మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. ఆగస్టులో న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ వెళ్తోంది, గాలడెట్ యూనివర్సిటీకి. 1864లో లింకన్ సంతకంతో బధిరులకు డిగ్రీలిచ్చే అధికారం పొందిన చదువులగుడి అది. అక్కడ పాఠాలు సైగలభాషలోనే.

పగలంతా స్నేహితురాళ్లతో వీడియోలో చేతులతో ఒకటే కబుర్లు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం మౌనం. మేం తెలుగులో నవ్వుకుంటుంటే ‘ఏంటి?’ అని కనుబొమలు ఎగరేస్తుంది. ‘తర్వాత చెప్తాంలే’ అంటాం. పద్దెనిమిదేళ్లయినా ఆ ‘తర్వాత’ రాలేదు.

సైగలు నేర్పితే మాటలు రావన్న చుట్టాల సలహా విన్నాం, అదే మా తప్పు. పెదాలు చూసి అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాం. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా ‘పాట, బాట, మాట’ అనండి. పెదాలకు మూడూ ఒకటే!

స్కూల్లో ఇంటర్‌ప్రెటర్‌ని చట్టం ఇచ్చింది. ఇంట్లో ఎవరిస్తారు? కూచిపూడి క్లాసుకి గంటసేపు కారు నడిపే మనకి సైగల క్లాసుకి తీరిక దొరకదా? ఇలాంటి పసిపిల్లలున్న తల్లిదండ్రులు మాలాగా ఆఖరి వేసవి దాకా ఆగొద్దు.

మేం జూన్‌లో మొదలెట్టాం. మొన్న ‘అన్నం తిన్నావా’ అని చేతులతో అడిగాం. పడీపడీ నవ్వి, మా వేళ్లు పట్టుకుని సరిచేసింది. ఏం తప్పు చేశామో ఇంకా చెప్పలేదు. ‘తర్వాత’ అంది, చేతులతో.