ఏనుగుకి పరుగు నేర్పాలంటే...

పోయిన శనివారం పొద్దున్నే ఇంజనీరింగ్ ఫ్రెండొకడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. "మామా, సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ జీటీ కొన్నారా. ట్రాక్ మీదకి తీసుకెళ్దామనుకుంటున్నా. ముందు ఎగ్జాస్ట్ మార్పించనా, సూపర్‌చార్జర్ వేయించనా?" అని.

"ముందు బ్రేక్ ఆయిల్ మార్పించు" అన్నాను.

అటువైపు కాసేపు నిశ్శబ్దం. "జోకులొద్దురా, సీరియస్‌గా అడుగుతున్నా" అన్నాడు. నేనూ సీరియస్‌గానే చెప్పాను. వాడు నమ్మలేదు. మూడేళ్ళ క్రితం నాకెవరైనా ఇదే మాట చెప్పుంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. అందుకే ఈ టపా.

నా కారు కూడా అదే, 2016 మస్టాంగ్ జీటీ. ఐదు లీటర్ల వీ8 ఇంజను, 435 హార్స్‌పవర్. నేను ఎక్కి కూర్చుంటే మొత్తం కలిపి 1750 కేజీలు. కాలిఫోర్నియాలో విల్లోస్ అనే చిన్న ఊరి దగ్గర థండర్‌హిల్ అని రేస్ ట్రాక్ ఉంది. మూడు మైళ్ళు, 15 మలుపులు. మొదటిసారి వెళ్ళినప్పుడు నా ల్యాప్ టైమ్ 2 నిమిషాల 26 సెకన్లు. పక్కనించి పాత మియాటాలు ఈగల్లా జుయ్యిమంటూ దాటిపోయాయి. నా పవర్‌లో మూడో వంతు కూడా లేని కార్లు! ఇంటికొచ్చి నేను తీసిన లెక్క ఏమిటంటే "పవర్ సరిపోలేదు". అహం అలాంటి లెక్కలే చేయిస్తుంది మరి.

గాలి పీల్చే పైపు మార్పించా, ఎగ్జాస్ట్ మార్పించా, ట్యూన్ చేయించా. అన్నీ కలిపి 2800 డాలర్లు వదిలాయి. ఓ ఇరవై హార్స్‌పవర్ పెరిగిందేమో. చప్పుడు మాత్రం అద్భుతం, వీధి చివర మలుపు తిరుగుతుండగానే మా ఆవిడకి నేనొస్తున్నట్టు తెలిసిపోయేది. మళ్ళీ థండర్‌హిల్ వెళ్తే 2:25. ఒక్క సెకను! 2800 డాలర్లకి ఒక్క సెకను.

ఆ రోజు మధ్యాహ్నం అసలు కథ జరిగింది. మూడో సెషన్, బయట మండే ఎండ. పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేక్ మీద కాలేస్తే పెడల్ మెత్తగా, స్పాంజి ముద్దలా నేల దాకా దిగిపోయింది. కారు మాత్రం ఆగట్లేదు. రెండోసారి తొక్కా, మూడోసారి తొక్కా. మూడోసారికి కొంచెం పట్టింది కానీ అప్పటికే మలుపు దాటిపోయింది. తారు వదిలి మట్టిలోకి పోయి, ఓ యాభై అడుగులు జారి ఆగాను. అక్కడ గోడ లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. చేతులు వణుకుతుంటే ఫోన్ మోగింది. నాన్న. "ఎక్కడున్నావురా?" అంటే "ఆఫీసు పనిలో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అన్నా. ఆ అబద్ధం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

తప్పు కారుది కాదు, నూటికి నూరు పాళ్ళూ నాదే. ఎందుకో చెప్తా. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

బ్రేక్ చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. 1750 కేజీల బరువుని గంటకి 180 కిలోమీటర్ల నుంచి 80కి తేవాలంటే దాదాపు పదిహేడున్నర లక్షల జౌళ్ళు వేడి కింద పోవాలి. అంటే 30 డిగ్రీల దగ్గరున్న ఆరు లీటర్ల నీళ్ళని మరిగే దాకా తెచ్చేంత వేడి. అదీ నాలుగైదు సెకన్లలో, ఒక్క మలుపుకి. ల్యాప్‌లో అలాంటి బ్రేకింగులు ఇంకా ఉన్నాయి, సెషన్ ఏమో ఇరవై నిమిషాలు. అదే మలుపుకి మియాటా 160తో వచ్చి 80కి తగ్గిందనుకోండి, దానికి ఇందులో సగం వేడి కూడా పుట్టదు.

ఆ వేడంతా డిస్కుల్లోంచి ప్యాడ్లకి, అక్కణ్ణించి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. ఈ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ నేలకి దిగింది. నా కారులో ఉన్నది కారుతో పాటు వచ్చిన ఆయిలే. దానికి ఇరవై హార్స్‌పవర్ అదనపు భారం వేసి, పైగా "పవర్ సరిపోలేదు" అన్నాను. ఎంత తెలివో చూడండి!

ఇక్కడే నాకు సిగ్గేసింది. ఆఫీసులో ఎవరైనా "అప్లికేషన్ స్లోగా ఉంది, పెద్ద సర్వర్ కొందాం" అంటే "ముందు ప్రొఫైల్ చేశావా?" అని ఎగిరి మీదపడేవాణ్ణి. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రం అరగంట వివరించేవాణ్ణి. మొత్తం సమయంలో కొంచెమే తినే భాగాన్ని ఎంత వేగంగా చేసినా లాభం కొంచెమే అని. అలాంటివాణ్ణి నా కారు దగ్గరకొచ్చేసరికి కొలవకుండా సర్వర్ కొన్నాను :-)

తర్వాత బుద్ధొచ్చి మూడొందల డాలర్లతో మంచి ప్యాడ్లు, 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ బ్రేక్ ఆయిల్ వేయించా. టైమ్ 2:20. బ్రేకులు ఆగిపోవన్న ధైర్యంతోనే ఐదు సెకన్లు తగ్గాయి. ఆ తర్వాత అక్కడి ఇన్‌స్ట్రక్టర్ నా కారే, నా టైర్లతోనే తీసుకెళ్ళి 2:13 చేసి, తాళాలు నా చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. ఆ ఏడు సెకన్లూ ఏ పార్టుల షాపులోనూ దొరకవు.

కాబట్టి బరువైన కారుకి నా వరస ఇదీ: ముందు బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు. తర్వాత నేర్పేవాళ్ళకి డబ్బు. తర్వాత టైర్లు, క్యాంబర్. మస్టాంగ్ ముందు చక్రాలు ఫ్యాక్టరీ నుంచి దాదాపు నిటారుగా వస్తాయి, మలుపులో టైరు బయటి అంచు ఒక్కటే మొత్తం బరువు మోసి కరిగిపోతుంది. పైభాగం లోపలికి వాలేలా రెండు రెండున్నర డిగ్రీలు పెడితే టైరు వెడల్పంతా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆయిల్ కూలర్. పవర్ అన్నిటికన్నా ఆఖర్న.

"బరువుంటే టైరు నేలకి గట్టిగా అతుక్కుంటుంది కదా" అనేవాళ్ళున్నారు. నిసాన్ జీటీ-ఆర్‌ని తీర్చిదిద్దిన కజుతోషి మిజునో గారు కూడా బరువుని ఇలాగే సమర్థించారు. దాదాపు 1720 కేజీలున్న ఆ కారు నిస్మో రూపం 2013లో నూర్‌బర్గ్‌రింగ్‌ని 7:08తో చుట్టేసింది, కాదనను. కానీ టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపవదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. ఆ తేడాని పూడ్చడానికి వాళ్ళు నాలుగు చక్రాలకీ పవర్, ప్రత్యేకమైన టైర్లు, పెద్ద బ్రేకులు పెట్టారు. అదంతా ఫ్యాక్టరీ చేసిన పని. మనం గ్యారేజీలో ఎగ్జాస్ట్ తగిలించి చేసేది కాదు.

బరువు తగ్గించడంలో కూడా అతి వద్దు. వెనక సీట్లు, డిక్కీలో సామాను తీసేయండి, ఖర్చు లేదు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ మాత్రం ముట్టుకోకండి, అదే కారులో సోమవారం ఆఫీసుకెళ్ళాలి. రోల్ కేజ్ వేయించి హెల్మెట్ లేకుండా రోడ్డు మీద తిరిగితే చిన్న గుద్దుకే ఆ ఇనుప పైపు తలకి తగులుతుంది. ఇంకో మాట, అమెరికాలో మామూలు కారు ఇన్సూరెన్సులు చాలావరకు ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వవు. ముందే పాలసీ చదువుకోండి.

"ఇంత గొడవెందుకు, అమ్మేసి మియాటా కొనుక్కోవచ్చుగా" అంటారా? న్యాయమైన ప్రశ్నే. ల్యాప్ టైమ్ ఒక్కటే కావాలంటే అదే తెలివైన పని. కానీ నాకు ఒక్క కారే ఉంది, దాని లోన్ ఇంకా నడుస్తోంది, పైగా ఈ ఏనుగంటే నాకిష్టం. ఏనుగుని ఏనుగులా నడపడం నేర్చుకుంటున్నా, దాన్ని జింకని చేద్దామని కాదు.

మొన్న నాన్నకి ఫోన్‌లో నిజం చెప్పేశా. తిడతారనుకున్నా. ఆయన ముప్పై ఏళ్ళు లారీ ఆఫీసులో లెక్కలు రాసిన మనిషి. అంతా విని ఒకటే అడిగారు: "బండికి బ్రేకులు చూపించకుండా ఘాట్ దిగే డ్రైవర్‌ని మా ఓనరు ఉద్యోగంలో ఉంచేవాడు కాదురా. నీకెంత జీతం ఇస్తున్నార్రా వాళ్ళు?"

డాలస్ వాడికి ఇదే పంపిస్తున్నా. మీలో ఎవరైనా ఇప్పుడే అలాంటి కారు కొని పార్టుల కేటలాగ్ తిరగేస్తుంటే, దయచేసి బ్రేకుల పేజీ దగ్గర మొదలెట్టండి.