తత్త్వరచనకు స్పష్టత కావలెనా?

తత్త్వగ్రంథము కఠినముగా నుండుట సహజమనియు, సులభముగా బోధపడునది తత్త్వమే కాదనియు పెక్కుమంది తలంతురు. ఈ తలంపు విద్యార్థులకు రెండు విధముల హాని చేయుచున్నది. కొందఱు అర్థము కాని వాక్యమునకు నమస్కరించి, దానినే వల్లించి పరీక్షలో వ్రాయుదురు. మఱికొందఱు లోపము తమ బుద్ధియందో, తెలుగు భాషయందో కలదని నిరాశపడి పుస్తకము మూసివేయుదురు.

కాఠిన్యము రెండు తెఱగులు. విషయమువలన కలుగునది యొకటి, వ్రాతవలన కలుగునది వేఱొకటి. బ్రహ్మసూత్రములను చూడుడు. శంకరుల పాఠము ననుసరించి అవి 555. మిక్కిలి క్లుప్తములగుటచే వ్యాఖ్యానము లేనిదే వాని యర్థము నిర్ణయించుట దుష్కరము. అవే సూత్రములకు భాష్యములు వ్రాసి శంకరులు అద్వైతమును, రామానుజులు విశిష్టాద్వైతమును, మధ్వాచార్యులు ద్వైతమును ప్రతిపాదించిరి.

శంకరభాష్యమున ఒక పద్ధతి కలదు. ఖండింపదలచిన వాదమును ముందుగా పూర్వపక్షముగా నిలిపి, దాని బలమును చూపి, పిమ్మట సిద్ధాంతమును చెప్పుదురు. అందుచే చదువరి తాను ఎచ్చట అంగీకరింపవలెనో, ఎచ్చట ఎదిరింపవలెనో తెలిసికొనగలడు. ఆ భాష్యమునకు 'భామతి' యను వ్యాఖ్య రచించిన వాచస్పతిమిశ్రుడు దానిని తేటయైనదిగను, లోతైనదిగను కొనియాడెను. తేటదనమునకును లోతునకును వైరము లేదు.

అయినను స్పష్టత వేఱు, సౌలభ్యము వేఱు. జర్మను తాత్త్వికుడు కాంటు 1781లో ప్రకటించిన 'శుద్ధబుద్ధి విమర్శనము' దురవగాహమని పలువు రాక్షేపించిరి. ఆయన 1783లో అందలి ముఖ్యాంశములను వివరించుచు ఒక చిన్న ఉపోద్ఘాత గ్రంథమును వ్రాసెను. అదియును కథవలె చదివి ముగింపదగినది కాదు. త్రోవ తేటపడెను గాని బరువు తగ్గలేదు. మన వేమన మాటలు పశులకాపరికి సైతము తెలియును. వానితో తన నడవడిని సరిచూచుకొనుట పండితునికిని కష్టమే.

కావున మాటను తేటపఱచుట రచయిత ధర్మము. విషయభారమును మోయుట చదువరి ధర్మము. స్పష్టముగా వ్రాసినవాడు తన తప్పును పట్టుకొను వీలును ఇతరులకు కల్పించుచున్నాడు. మసకలో దాగిన వాదమును ఎవ్వరును ఖండింపజాలరు. అది గెలుపు కాదు. అట్టి వాదము నిజమో కాదో ఎన్నటికిని తేలదు.

ఇంట తెలుగును, అంగడిలో తమిళ కన్నడములను వినుచు పెరుగు మన హోసూరు సీమ బాలబాలికలకు ఈ విషయము మఱింత ముఖ్యము. తెలుగు ఇంటిమాటలకే చాలును, పెద్ద ఆలోచనకు చాలదను అపోహ వారిలో కలుగరాదు. తెలుగున గంభీరభావములను తేటగా వ్రాసి చూపుటయే ఆ అపోహకు మందు.

విద్యార్థులారా! బరువైన వాక్యము కనబడినప్పుడు, దీనికి ఉదాహరణ మేమి, దీనిని కాదనువాడు ఏమనును అని ప్రశ్నింపుడు. తల్లిదండ్రులును తమ బిడ్డ వ్రాసిన వ్యాసమును చదివించుకొని, "దీని భావమేమి, నాయనా?" అని అడుగుదురు గాక. బదులు చెప్పలేనంతవఱకు ఆ వాక్యము ఆ బిడ్డది కాదు.