పెట్టె మౌనంగా ఉన్నప్పుడు

మా మదరసా వీధి మలుపులో గాజులు అమ్మే ఖాలా ఒకరున్నారు. ఆమెకు చదువు రాదు. రెండేళ్ల క్రితం ఒక యువకుడు మూడు డజన్ల గాజులు కట్టించుకొని, ఫోనులో ఏదో పాత రసీదు చూపి వెళ్లిపోయాడు. డబ్బు రాలేదని రాత్రి మనవడు చెప్పేవరకు ఆమెకు తెలియదు.

ఆ తరువాతే దుకాణంలోకి మాట్లాడే పెట్టె వచ్చింది. అందులో సిమ్ కార్డు ఉంటుంది. యూపీఐ ద్వారా సొమ్ము జమ కాగానే ఆ సమాచారం మొబైల్ నెట్‌వర్క్ మీదుగా పెట్టెకు చేరుతుంది. అది మొత్తాన్ని తెలుగులో బిగ్గరగా పలుకుతుంది. చదవనక్కరలేదు, చేతిలోని గాజులు కింద పెట్టనక్కరలేదు. ఆమె రాబడి వీధంతా వినిపించడం మాకు రుచించదు. ఖాలా మాత్రం నవ్వి ఊరుకుంటారు.

యంత్రం మనిషి పనికి అడ్డు తగలకుండా తన కబురు చెప్పాలన్న ఆలోచన పాతదే. అమెరికాలోని కాలిఫోర్నియాలో, జిరాక్స్ సంస్థకు చెందిన పార్క్ పరిశోధనాలయంలో మార్క్ వైజర్ అనే శాస్త్రవేత్త 1991లోనే దీనిపై వ్యాసం రాశారు. అక్కడే నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి ఎనిమిది అడుగుల ప్లాస్టిక్ తాడును పైకప్పుకు అమర్చిన చిన్న మోటారు నుండి వేలాడదీశారు. ఆ మోటారును కంప్యూటర్ల తీగకు కలిపారు. తీగలో సమాచారం ఎక్కువగా పారితే తాడు గిరగిర తిరిగి చప్పుడు చేసేది. తక్కువైతే కొన్ని క్షణాలకొకసారి స్వల్పంగా అదిరేది. నడవాలో వెళ్లేవారు తలెత్తకుండానే సంగతి గ్రహించేవారు.

మేము గమనించినది ఆ స్వల్పమైన అదురునే. పని లేనప్పుడు కూడా తాడు తాను సజీవంగా ఉన్నానని తెలిపేది. ఖాలా పెట్టెకు ఆ గుణం లేదు. అది పలకకపోతే సొమ్ము రానట్టా, సిగ్నల్ పోయినట్టా, ఛార్జింగ్ అయిపోయినట్టా? దానిపై చిన్న దీపమొకటి ఉంది, నిజమే. దాని రంగుల అర్థం ఆమెకెవరూ చెప్పలేదు. మొన్న ఒక నిజాయితీపరురాలైన ఇల్లాలు డబ్బు చెల్లించినా పెట్టె పలకలేదు. జనం ఎదుట ఆ ఇల్లాలు తలదించుకొని అరగంట నిలబడింది. తప్పు సిగ్నల్‌ది, సిగ్గు మాత్రం ఆమెకు.

ఇప్పుడు దుకాణం తెరిచిన వెంటనే మనవడు తన ఫోను నుండి ఒక్క రూపాయి పంపుతాడు. పెట్టె “ఒక రూపాయి” అని పలికాకే ఖాలా గాజుల తోరణాలు బయటికి తీస్తారు.